పదహారేళ్లు దాటినవారికి తప్పిన టీకాలు

పసితనంలోనో బడి వయసులోనో పడవలసిన టీకాలు ఏ కారణంగానైనా తప్పిపోతే, కౌమారం చివరి దశలో, అంటే సుమారు 15 నుంచి 19 ఏళ్ల మధ్య, వాటిని లెక్క చూసి పూర్తి చేయడాన్ని వైద్యులు క్యాచప్ టీకాలు అంటారు. ఈ లోటు మూడు విధాలుగా ఏర్పడుతుంది. కొందరికి చిన్నప్పటి డోసులే పడి ఉండవు. కొందరికి అన్నీ పడినా, బూస్టర్ అందక పాత రక్షణ సన్నగిల్లుతుంది. మరికొన్ని టీకాలు ఈ పిల్లలు పసివాళ్లుగా ఉన్నప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలోనే లేవు. అందువల్ల టీకాల కార్డులో ప్రతి గడీ నిండిన పిల్లలకు కూడా ఈ వయసులో వేయవలసినవి కొన్ని మిగిలి ఉంటాయి.

భారతదేశంలో టీకాల విస్తరణ కార్యక్రమం 1978లో మొదలై, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా మారింది. దాని బలమంతా మొదటి రెండేళ్ల వయసు మీదే ఉంది. 5–6 ఏళ్లకు డీపీటీ బూస్టర్ వేశాక మిగిలే బూస్టర్లు రెండే: 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి టీడీ, అంటే ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ కలిపి వేసే టీకా. పదేళ్ల పిల్లలు బడిలో ఉంటారు కాబట్టి ఆరోగ్య సిబ్బంది అక్కడికే వెళ్లి వేయగలుగుతారు. పదహారో ఏడు వచ్చేసరికి పదో తరగతి అయిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఊరు విడిచి ఇంటర్మీడియట్ హాస్టళ్లలో చేరతారు, కొందరు చదువు మానేసి పనుల్లోకి వెళతారు. ఊళ్లోని ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల జాబితాల్లో గర్భిణులు, పసిపిల్లలే ముందుంటారు. 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ కూడా ప్రధానంగా రెండేళ్లలోపు పిల్లలను, గర్భిణులను ఉద్దేశించినదే. పిల్లల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం అప్పటికే మానేసి ఉంటారు, పెద్దల వైద్యుడు టీకాల ఊసెత్తడు. ఇలా పదహారేళ్ల డోసు ఎవరి బాధ్యతా కాకుండా జారిపోతుంది. తల్లిదండ్రుల అశ్రద్ధ కన్నా వ్యవస్థలోని ఈ ఖాళీయే దానికి పెద్ద కారణం.

దీనికి కరోనా కాలం తోడైంది. 2020 మార్చి నుంచి బడులు మూతపడడంతో, అక్కడే వేయవలసిన పదేళ్ల టీడీ చాలాచోట్ల ఆగిపోయింది. 2020లో పదేళ్లు నిండినవారు 2026లో పదహారుకు చేరతారు. మధ్యలో ఎవరూ వేసి ఉండకపోతే వారికి రెండు బూస్టర్లూ బాకీయే.

పుట్టిన సంవత్సరాన్ని బట్టి

లోటు ఎక్కడుందో పట్టుకోవడానికి మొదట చూడవలసింది పుట్టిన సంవత్సరం. హెపటైటిస్-బి టీకాను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాలకు విస్తరించినది 2007–08లో. దేశమంతటికీ అందినది 2011లో. తట్టుకు రెండో డోసును జాతీయ కార్యక్రమంలోకి 2010 నుంచి తెచ్చారు. అంతకుముందు పుట్టినవారికి తొమ్మిదో నెలలో పడిన ఒక్క డోసే దిక్కు. ఆ లోటును చాలావరకు పూడ్చింది 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జరిగిన తట్టు–రుబెల్లా టీకా ఉద్యమం. తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్లలోపు వారందరికీ, అంతకుముందు ఎన్ని డోసులు పడ్డాయన్న దానితో పనిలేకుండా, ఒక డోసు వేశారు, బడి పిల్లలకు బడుల్లోనే. ఆనాడు ప్రాథమిక పాఠశాలలో ఉన్న పిల్లలే తర్వాత కౌమారం చివరికి వచ్చారు. అయితే ఆ డోసుకు విడిగా చీటీ ఇచ్చారు గనుక పసితనపు కార్డులో అది సాధారణంగా కనిపించదు. ఆ రోజు బడికి రానివారూ, ఫోన్లలో తిరిగిన వదంతులకు జడిసి తల్లిదండ్రులు వద్దన్నవారూ ఉన్నారు. కాబట్టి బడి పేరు చెప్పి డోసు పడిందని అనుకోకుండా, పిల్లలనూ ఇంటివారినీ అడిగి తెలుసుకోవలసిందే.

సాధారణ సూత్రాలు

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇది: తప్పిన టీకాల వరుసను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. హెపటైటిస్-బి మొదటి రెండు డోసులు పదేళ్ల కిందట పడి మూడోది తప్పితే, ఇప్పుడు ఆ మూడోది ఒక్కటే వేస్తే సరిపోతుంది. మొదటి డోసులకు శరీరంలో తయారైన జ్ఞాపక కణాలు ఏళ్ల తరబడి నిలిచే ఉంటాయి. తర్వాతి డోసు పడగానే అవి వేగంగా స్పందిస్తాయి. ఎడం పెరిగినందువల్ల టీకా చెడిపోదు. ఆ మధ్యకాలంలో రక్షణ అసంపూర్ణంగా ఉంటుంది, అంతే. మళ్లీ అన్నీ మొదలుపెట్టాలేమోనన్న భయంతోనే ఎన్నో కుటుంబాలు ఆసుపత్రి గడప తొక్కవు కాబట్టి ఈ సంగతి విరివిగా తెలియాలి.

ఎడం మరీ తగ్గకూడదు. చాలా టీకాలకు రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. గడువుకు బాగా ముందే వేసిన డోసు లెక్కలోకి రాదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి వేసే ఎమ్‌ఎమ్‌ఆర్, ఆటలమ్మ టీకాల వంటివి బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారవుతాయి. సూదితో ఇచ్చే ఇలాంటి సజీవ టీకాలు రెండుంటే ఒకే రోజు వేయాలి, లేదా నాలుగు వారాలు ఆగి వేయాలి. సజీవం కాని టీకాలకు పరస్పరం ఈ నియమం లేదు. ఒకే రోజు మూడు నాలుగు టీకాలు వేర్వేరు చోట్ల వేయడం సురక్షితమే. ఒకే భుజానికి రెండు వేయవలసివస్తే సుమారు అంగుళం దూరం పాటిస్తారు.

పసిపిల్లలకు వేసేవన్నీ ఈ వయసులో అవసరం కావు. రోటావైరస్ టీకాకు కాలం శైశవంలోనే ముగుస్తుంది. హిబ్, న్యుమోకాకల్ టీకాలు ఐదేళ్లు దాటిన ఆరోగ్యవంతులకు సాధారణంగా వేయరు. పసితనంలో క్షయ టీకా బీసీజీ పడని పదిహేడేళ్లవారికి ఇప్పుడు దాన్ని వెతికి వేయించనక్కర్లేదు. పసిపిల్లలకు ఇచ్చే డీపీటీని ఏడేళ్లు దాటాక వాడరు, ఎందుకంటే అందులోని కంఠసర్పి, కోరింత దగ్గు అంశాల మోతాదు పెద్దవారిలో ఎక్కువ వాపు, నొప్పి కలిగిస్తుంది. వాటి మోతాదు తగ్గించి చేసినవే టీడీ, టీడాప్.

ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు

చిన్నప్పుడు ఒక్క డోసూ పడని పదహారేళ్లవారికి భారత పిల్లల వైద్యుల అకాడమీ సూచించే క్రమం మూడు డోసులది: మొదట టీడాప్ ఒకటి, నెల తర్వాత టీడీ, ఆరో నెలకు మరో టీడీ. చిన్నప్పటివన్నీ పడి, బూస్టరు మాత్రమే తప్పినవారికి ఒక్క టీడీ గానీ టీడాప్ గానీ చాలు. ఆ తర్వాత పదేళ్లకోసారి వేయించుకోవడం మంచిది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీడీ ఉచితం. కోరింత దగ్గు అంశం కూడా ఉండే టీడాప్‌ను చాలావరకు ప్రైవేటుగా కొనాలి.

తెలుగు నేల మీద దెబ్బ తగిలిన ప్రతిసారీ టీటీ ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు బాగా పాతుకుపోయింది. మేకు గుచ్చుకున్నా, బండి మీద నుంచి పడినా మొదట గుర్తొచ్చేది అదే. దానివల్ల చాలామందికి ధనుర్వాతం నుంచి తగినంత రక్షణ ఉన్న మాట నిజం. అయితే ఆ డోసులు ఎక్కడా నమోదు కావు, పైగా వట్టి టీటీలో కంఠసర్పి అంశం ఉండదు. ఏటా టీటీ వేయించుకున్న కుర్రవాడికి కూడా కంఠసర్పి నుంచి రక్షణ శూన్యమై ఉండవచ్చు. జాతీయ కార్యక్రమంలో టీటీ స్థానంలో టీడీని తెచ్చింది ఇందుకే.

కంఠసర్పి పాతకాలపు జబ్బు అనుకోవడం పొరపాటు. గొంతులో తెల్లని పొర కట్టి ఊపిరి ఆడకుండా చేసే ఈ వ్యాధి విషం గుండె కండరాన్నీ నరాలనూ దెబ్బతీస్తుంది. హైదరాబాదు నల్లకుంటలోని సర్ రొనాల్డ్ రాస్ సంస్థకు, అంటే జనం నోట ఫీవర్ ఆసుపత్రికి, 2000 తర్వాత కూడా కంఠసర్పి రోగులు వస్తూనే ఉన్నారు. 2016లో కేరళలోని మలప్పురం జిల్లాలో వ్యాధి తలెత్తినప్పుడు దాని బారిన పడినవారిలో పదేళ్లు దాటినవారు చాలామంది ఉన్నారు. పసిపిల్లల్లో టీకాలు పెరిగినకొద్దీ వ్యాధి పెద్ద పిల్లల వైపు జరుగుతుంది: చిన్నప్పటి డోసుల బలం పదేళ్లు దాటేసరికి తగ్గిపోయి, బూస్టరు పడక, వారు తేలికగా దొరుకుతారు. ఒకే గదిలో పది మంది పడుకునే హాస్టలు ఇలాంటి వ్యాధికి అనువైన చోటు. ధనుర్వాతం సంగతి వేరు. అది మనిషి నుంచి మనిషికి అంటదు, మట్టిలోనే ఉంటుంది. కాబట్టి చుట్టూ ఉన్నవారందరూ టీకా వేయించుకున్నా, వేయించుకోనివాడికి ఒరిగేదేమీ లేదు.

తట్టు, రుబెల్లా, గవదబిళ్లలు

రెండు డోసుల రుజువు లేనివారికి నాలుగు వారాల ఎడంతో రెండు ఎమ్‌ఎమ్‌ఆర్ డోసులు, ఒక డోసుకు రుజువు ఉంటే మరొక్కటి వేస్తారు. ముందే రక్షణ ఉన్నవారికి అదనంగా ఒకటి పడినా హాని లేదు. ప్రభుత్వ టీకాలో తట్టు, రుబెల్లా మాత్రమే ఉన్నాయి, గవదబిళ్లల అంశం లేదు. అందుకే పూర్తిగా ప్రభుత్వ టీకాల మీదే పెరిగిన పిల్లలకు గవదబిళ్లల నుంచి టీకా రక్షణ ఉండదు. 2024లో కేరళ మొదలుకొని పలు రాష్ట్రాల్లో ఈ వ్యాధి ఒక్కసారిగా పెరిగింది. యవ్వనం వచ్చాక సోకితే మగపిల్లల్లో వృషణాల వాపు గణనీయమైన శాతంలో కనిపిస్తుంది, వినికిడి దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

ఆడపిల్లలకు రుబెల్లా రక్షణ ప్రత్యేకంగా అవసరం. వ్యాధి వారికి స్వల్పమే గానీ, గర్భం తొలి నెలల్లో సోకితే బిడ్డకు చెవుడు, శుక్లాలు, గుండె లోపాలు వస్తాయి. ఇది సజీవ టీకా కనుక గర్భిణులకు వేయరు, వేసిన తర్వాత నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లికి ముందే, కౌమారంలోనే పూర్తి చేయాలనడానికి కారణం ఇదే.

హెపటైటిస్-బి, ఆటలమ్మ

హెపటైటిస్-బి వరుస 0, 1, 6 నెలలకు మూడు డోసులు. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చే ఈ టీకా ధర సామాన్యులకు అందేది కాదు. 1997లో హైదరాబాదు సంస్థ శాంతా బయోటెక్నిక్స్, కె.ఐ. వరప్రసాదరెడ్డి నాయకత్వంలో, దేశీయంగా షాన్‌వ్యాక్-బిని తెచ్చాక ధర ఒక్కసారిగా దిగింది. వైద్య, నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరేవారికి ఈ మూడు డోసులు తప్పనిసరి అనదగినవి, ఎందుకంటే రోగి రక్తం అంటిన సూది గుచ్చుకునే ప్రమాదం తొలి ఏడాది నుంచే మొదలవుతుంది. ఇంట్లో ఎవరికైనా ఈ ఇన్ఫెక్షన్ ఉంటే టీకాకు ముందు రక్తపరీక్ష చేయించడం మంచిది. ఇప్పటికే వైరస్ ఉన్నవారికి టీకా పనిచేయదు, వారికి కావలసింది చికిత్స.

ఆటలమ్మ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో ఎప్పుడూ లేదు. వ్యాధి వచ్చిపోయినవారికి అక్కర్లేదు. రానివారికి 13 ఏళ్లు దాటాక నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో రెండు డోసులు వేస్తారు. చిన్నపిల్లల్లో తేలికగా పోయే ఆటలమ్మ పెద్దవారిలో న్యుమోనియాకు దారితీయగలదు.

హెచ్‌పీవీ

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దేశంలో ఏటా లక్షమందికి పైగా స్త్రీలకు వస్తోంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 70 శాతం కేసులకు మానవ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ)లోని 16, 18 రకాలే మూలం. వైరస్ సోకకముందే టీకా పడితే పూర్తి ఫలితం ఉంటుంది, అందుకే 9–14 ఏళ్ల వయసును ఉత్తమమైనదిగా ఎంచారు. ఆ వయసులో ఆరు నెలల ఎడంతో రెండు డోసులు చాలు. 15 నిండాక మొదలుపెడితే భారతదేశంలో సాధారణంగా అనుసరించే క్రమం 0, 1–2, 6 నెలలకు మూడు డోసులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో 20 ఏళ్ల వరకు ఒక డోసు లేదా రెండు డోసులు చాలునని ప్రకటించింది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం ఎక్కువ డోసులు కావాలి. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావ్యాక్‌కు 2022లో అనుమతి లభించింది. మగపిల్లలకు కూడా ఈ టీకా పనికొస్తుంది. ఇప్పటికే సోకిన వైరస్‌ను ఇది తొలగించదు. టీకా వేయించుకున్న స్త్రీలు కూడా పెద్దయ్యాక స్క్రీనింగ్ పరీక్షలు చేయించుకోవలసిందే.

ఈ టీకా పట్ల తెలుగు నేలపై ఉన్న అనుమానానికి ఒక చరిత్ర ఉంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రదర్శనా ప్రాజెక్టును పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేపట్టాయి. ఖమ్మంలో సుమారు 14 వేల మంది బాలికలకు టీకా పడింది. వారిలో హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు ఎందరో. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం మరణాలకు టీకా కారణమనడానికి ఆధారం లేదని తేల్చింది. కానీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవలసినచోట వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని బయటపడింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా సురక్షితం కావడం, దాన్ని వేసిన తీరు తప్పు కావడం రెండూ ఒకేసారి నిజం. హాస్టళ్లలో టీకాలు వేసే ఎవరైనా ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలి.

మరికొన్ని టీకాలు

టైఫాయిడ్‌కు కాంజుగేట్ టీకా ఒక్క డోసు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన తొలి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్-టీసీవీ. అదే నగరంలోని బయలాజికల్-ఇ కూడా ఒకటి తయారుచేస్తోంది. హాస్టలు నీళ్లు, బయటి తిండి మీద ఆధారపడే విద్యార్థులకు ఇది నిజంగా పనికొస్తుంది. హెపటైటిస్-ఎ చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా సోకి రక్షణ ఏర్పడి ఉంటుంది, లేనివారికి టీకా ఉంది. మెదడువాపు వ్యాధి టీకా వ్యాధి ఉన్న జిల్లాలకే పరిమితం. ఉబ్బసం, గుండెజబ్బు, మధుమేహం ఉన్న పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయిస్తారు.

కార్డు లేనప్పుడు

తల్లీబిడ్డల సంరక్షణ కార్డు పదహారేళ్ల తర్వాత కూడా భద్రంగా ఉండే ఇళ్లు తక్కువ. అప్పుడు పుట్టిన ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోని రిజిస్టరు, పిల్లల వైద్యుడి దగ్గరి రికార్డు, బడి ఆరోగ్య పత్రం వెతకాలి. ఎడమ భుజం మీది మచ్చ బీసీజీ పడిందనడానికి గుర్తే గానీ మిగతావాటికి రుజువు కాదు. అన్నీ వేయించామన్న ఇంటివారి మాట నిజమే కావచ్చు, అయినా రాతలో లేనిదాన్ని వేయనిదానిగానే లెక్కించి వేయడం వైద్యంలో ఆమోదించిన పద్ధతి. రక్తపరీక్షతో తట్టు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్-బి రక్షణను కొలవవచ్చు. కానీ చాలాసార్లు పరీక్ష ఖర్చు టీకా ఖర్చుకు తక్కువ కాదు, ఫలితం కోసం ఆగేలోపు పిల్లలు మళ్లీ రాకపోవచ్చు.

ఏ కాగితమూ లేని పదిహేడేళ్ల అమ్మాయికి ఆరు నెలల్లో మూడుసార్లు ఆసుపత్రికి వెళితే చాలావరకు పని పూర్తవుతుంది. మొదటి రోజు టీడాప్, ఎమ్‌ఎమ్‌ఆర్, ఆటలమ్మ, హెపటైటిస్-బి, హెచ్‌పీవీ మొదటి డోసులు వేస్తారు. నెల తర్వాత టీడీతో పాటు మిగతావాటి రెండో డోసులు. ఆరో నెలలో టీడీ, హెపటైటిస్-బి, హెచ్‌పీవీ చివరివి. టైఫాయిడ్ టీకాను వీటిలో ఏ రోజైనా కలపవచ్చు. అన్నీ కొనలేని కుటుంబం ఉచితంగా దొరికే టీడీతో మొదలుపెట్టి, తర్వాత ఎమ్‌ఎమ్‌ఆర్, హెపటైటిస్-బి వైపు వెళ్లడం సబబు.

జాగ్రత్తలు

సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. ఈ వయసువారిలో ప్రత్యేకంగా కనిపించేది సూది పడగానే కళ్లు తిరిగి పడిపోవడం. అది టీకా విషం కాదు, భయంతోనూ నొప్పితోనూ రక్తపోటు క్షణకాలం పడిపోవడం. అయినా కిందపడి తలకు దెబ్బ తగలవచ్చు కాబట్టి కూర్చోబెట్టి గానీ పడుకోబెట్టి గానీ వేసి, అరగంట అక్కడే ఉంచాలి. ఖాళీ కడుపుతో రాకపోవడం మేలు. జలుబు, స్వల్ప జ్వరం, యాంటీబయోటిక్ వాడకం, బహిష్టు, పరీక్షల రోజులు టీకా వాయిదాకు కారణాలు కావు. గత డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారికి ఆ టీకా మళ్లీ వేయరు. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి సజీవ టీకాలు వేయరు. 18 ఏళ్లు నిండనివారికి తల్లిదండ్రుల అనుమతి కావాలి; పదిహేడేళ్ల మనిషికి ఏం వేస్తున్నారో, ఎందుకో స్వయంగా వివరించడం కూడా అంతే అవసరం.

విదేశీ చదువులు

ఇంటర్ తర్వాత డిగ్రీకి విదేశాలకు వెళ్లే తెలుగు విద్యార్థులు తమ టీకాల లోటును తరచుగా విశ్వవిద్యాలయం పంపిన ఆరోగ్య పత్రం చూశాకే గుర్తిస్తారు. అమెరికా విశ్వవిద్యాలయాలు సాధారణంగా రెండు ఎమ్‌ఎమ్‌ఆర్ డోసుల రుజువు అడుగుతాయి. చాలాచోట్ల టీడాప్, హెపటైటిస్-బి, ఆటలమ్మ, మెనింగోకాకల్ టీకాలూ జాబితాలో ఉంటాయి. టెక్సస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు చదువు మొదలయ్యే రోజుకు కనీసం పది రోజుల ముందు మెనింగోకాకల్ టీకా వేయించుకుని ఉండాలని చట్టమే ఉంది. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయంలో చేరే 25 ఏళ్లలోపు వారికి ఇదే టీకాను జాతీయ ఆరోగ్య సేవ ఉచితంగా ఇస్తుంది. ప్రయాణానికి నెల ముందు మేలుకుంటే హెపటైటిస్-బి మూడు డోసులు పూర్తికావు, కాబట్టి సీటు ఖాయం కాకముందే మొదలుపెట్టాలి. క్షయ పరీక్ష కూడా అడుగుతారు. బీసీజీ పడినవారిలో చర్మ పరీక్ష లేని వ్యాధిని ఉన్నట్టు చూపవచ్చు, రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకు ఆ ఇబ్బంది లేదు. ఎమ్‌ఎమ్‌ఆర్ వంటి సజీవ టీకా క్షయ పరీక్ష ఫలితాన్ని తాత్కాలికంగా మరుగుపరచగలదు. అందువల్ల రెండూ ఒకే రోజు చేయించుకోవాలి, లేదా టీకా తర్వాత కనీసం నాలుగు వారాలు ఆగి పరీక్షకు వెళ్లాలి.